జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

అమ్మడూ, చిన్నోడా,

మొన్న రాత్రి ఫోన్లో మీ గొంతులు విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. విజయనగరంలో గది తీసుకుని చదువుకుంటున్న పిల్లలు, పక్కన పెద్దదిక్కు లేదు, ఒకరి వెనక ఒకరికి జ్వరం. రైలెక్కి వచ్చేద్దామనుకున్నాను. ఈ వయసులో నీకూ అంటుకుంటుందని మీ అమ్మ ఆపేసింది. అందుకే ఈ ఉత్తరం. ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఈ శ్రీకాకుళం ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగి నేర్చుకున్నదే రాస్తున్నాను. ఫోన్లో చెబితే మరిచిపోతారు, కాగితమైతే కళ్ళముందు ఉంటుంది.

ముందు ఆ కోవిడ్ కిట్ సంగతి. రాత్రి చూస్తే ఒక్క గీత, పొద్దున్న చూస్తే రెండో గీత సన్నగా కనిపించిందని అమ్మడు ఏడ్చింది కదా. పొద్దున్న కనిపించినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదమ్మా. చుక్కలు వేశాక 15 నిమిషాలకి చూడాలి, 20 నిమిషాలు దాటాక వచ్చిన గీతకి విలువ లేదు. ఆ టైములోపల ‘టి’ దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. ‘సి’ దగ్గర గీత అసలు రాకపోతే కిట్ పనిచెయ్యలేదని అర్థం, ఇంకోటి వాడాలి. కిట్‌లో ఉన్న దూది పుల్లని రెండు ముక్కుల్లోనూ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల లోపలికి పోనిచ్చి, ఒక్కోదాంట్లో ఐదుసార్లు తిప్పాలి. భయపడి అంచుల్లో తుడిచి తీసేస్తే ఏమీ తెలియదు. జ్వరం, దగ్గు ఉండి కూడా నెగెటివ్ వస్తే దాన్ని నమ్ముకుని క్లాసుకి వెళ్ళిపోవద్దు. ఆసుపత్రిలో ఆర్టీపీసీఆర్ చేయించుకోండి. అప్పటిదాకా కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని, వేరే వేరే మూలల్లో పడుకోండి.

ఇంకో మాట. ఆ కిట్ కోవిడ్ ఒక్కటే చెబుతుంది, డెంగీ సంగతి దానికి తెలియదు. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు, ఒంటిమీద ఎర్ర మచ్చలు ఉంటే రక్తపరీక్షే చేయించుకోవాలి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 అనే డెంగీ పరీక్ష రాస్తారు.

నేను చెప్పాల్సిన అసలు ముక్క ఇప్పుడు చెబుతున్నాను. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా మీ అంతట మీరు మింగొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ ఏవీ వద్దు. డెంగీ అయితే అవి రక్తస్రావం పెంచుతాయి. అదీకాక మన ఊరి కష్టం మీకు తెలియనిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస ఎటు వెళ్ళినా కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేల్చలేదు గానీ, నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయన్నది మాత్రం తేలిన విషయమే. ఒంట్లో నీళ్ళు తగ్గిన జ్వరంలో మరీ ప్రమాదం. మీ చిన్నతాత ఒళ్ళునొప్పులు వచ్చినప్పుడల్లా కొట్టుకెళ్ళి మాత్రల పొట్లం కట్టించుకునేవాడు. ఏం మాత్రలని అడిగినవాళ్ళు లేరు. చెప్పాల్సిన నేను కూడా గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు డయాలసిస్ కోసం పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ అతని చేతులు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మీకైతే పారాసెటమాల్ 650 మాత్ర, ఆరు గంటలు ఎడం ఇచ్చి, రోజుకి నాలుగుకి మించకుండా. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అట్ట తిప్పి చదవండి. ఎదురింటి పాపకి మీ మాత్ర విరిచి ఇవ్వొద్దు, చిన్నపిల్లలకి బరువు చూసి డోసు కట్టాలి. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యలేదు. సూది వేసేస్తే రేపటికి లేచి తిరుగుతావని ఎవరైనా అన్నా వేయించుకోకండి.

లంఖణం పరమౌషధం అని మా నాన్న కూడా అనేవాడు. ఆకలి లేకపోతే అన్నం మానండి, నీళ్ళు మాత్రం మానొద్దు. గంజిలో ఉప్పు వేసుకోండి, పల్చటి చోడంబలి, అదే రాగి అంబలి, తాగండి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, సగం సగం వద్దు. మర్నాటికి మిగిలితే పారబొయ్యండి. ఒంటేలు ఆరు గంటలకోసారైనా రావాలి, రంగు ముదిరితే నీళ్ళు చాలలేదని.

థర్మామీటరు ఒకటి కొనండి. చెయ్యి పెట్టి చూసి ‘కాలిపోతోంది’ అంటే నాకేం అర్థం కాదు, అంకె చెప్పండి. వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెట్టకండి, పావుగంట ఆగండి. ఒక నోటు పుస్తకంలో టైము, జ్వరం, వేసుకున్న మాత్ర, తాగిన నీళ్ళు, ఒంటేలు రాస్తూ ఉండండి. జ్వరంలో మనిషికి పొద్దున్న మాత్ర వేసుకున్నానో లేదో కూడా గుర్తుండదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పేజీ చూపిస్తే మీ సగం రోగం ఆయనకి అక్కడే తెలిసిపోతుంది. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సిమీటరు దొరికితే అమ్మడు గోళ్ళరంగు తుడుచుకుని, వేలు వెచ్చబడ్డాక, అంకె నిలకడగా నిలిచేదాకా చూడాలి. 93, అంతకన్నా తక్కువ వస్తే ఆసుపత్రికి వెళ్ళడానికి ఆలస్యం చెయ్యొద్దు.

డెంగీలో జ్వరం దిగిపోగానే తగ్గిపోయిందని సంబరపడతారు. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, సరిగ్గా జ్వరం దిగే వేళకే అది ముదురుతుంది. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండోవాళ్ళు 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి అందకపోయినా అంతే. రాత్రి రెండైనా సరే, ఇంటి ఓనరుని లేపడానికి మొహమాటపడొద్దు.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక కూలర్‌లో నీళ్ళు, బకెట్లూ వారానికోసారి ఒంపేసి, రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ పగటిపూటే కుడుతుంది, మధ్యాహ్నం పడుకున్నా దోమతెర కట్టుకోండి.

కొబ్బరి బొండాలు, చోడిపిండి మూట కట్టి ఉంచాను. మీ మావయ్య శనివారం బస్సుకి తెస్తాడు. ఈలోగా ఈ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి ఇద్దరి అంకెలూ చెప్పండి. ఎదురుచూస్తూ ఉంటాను.

మీ అమ్మమ్మ,
కవిటి