గట్టు మీద గాలం, పక్కన పిల్లలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వేసవి సెలవులొస్తే మా అన్నయ్య పిల్లలకూ, వాళ్ళ వెంట తోకల్లా వచ్చే వీధి పిల్లలకూ గాలం వేయడం నేర్పే పని నాదే. వాళ్ళ అమ్మానాన్నలు ఏటా అనే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

"జెల్ల చేప మీసాలతో కుడుతుంది, జాగ్రత్త!"

పాపం, ఆ మీసాలు మెత్తటివి. బురదనీళ్ళలో తిండి వెతుక్కోవడానికి, రుచి చూడటానికి పనికొస్తాయి. కుట్టేది రెక్కల్లోని ముల్లు. జెల్లకు మొప్పల వెనక చెరోవైపు ఒకటి, వీపు మీద ఒకటి ఉంటాయి. మీసాలుండే మరో చేప ఇంగిలీకానికి పక్క ముళ్ళలో విషం కూడా ఉంటుంది, కుడితే పెద్దవాళ్ళు కూడా కేకలు పెడతారు. ఆ విషం వేడికి విరుగుతుంది. అందుకే నా సంచిలో ముందు సర్దేది వేడినీళ్ళ ఫ్లాస్కు. కుట్టిన చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, కనీసం అరగంట ఉంచాలి. నీళ్ళ వేడి ముందు పెద్దవాళ్ళే చేయి పెట్టి చూడాలి. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, టీటీ ఇంజక్షన్ అవసరమో లేదో ఆయన చెబుతారు. మా దగ్గర రూలు ఒక్కటే: మీసాలున్న చేపను పిల్లలు ముట్టుకోరు.

"మాట్లాడకండ్రా, చేపలు పారిపోతాయి."

గాలిలో మన మాట నీటిని తాకి దాదాపు అంతా వెనక్కే పోతుంది. గట్టు మీద గెంతితే మాత్రం ఆ అదురు నేలలోంచి నీళ్ళలోకి దిగుతుంది. చేప ఒంటికి పక్కగా ఉండే గీత దాన్ని ఇట్టే పసిగడుతుంది. కబుర్లకు నేను అడ్డు చెప్పను, పరుగులకే చెబుతాను.

"పెద్ద గాలం కొను, పెద్ద చేప పడుతుంది." షాపులో 12 నంబరు అడిగితే 6 కంటే చిన్నది ఇస్తారు, అంకె పెరిగితే గాలం చిన్నదవుతుంది. పిల్లలకు కావాల్సింది పది నిమిషాలకోసారి బెండు మునగడం. అది పరక చేపలతోనే సాధ్యం, వాటి నోరేమో చిన్నది. చిన్న గాలం, సన్న తంగూసు, జీలుగు బెండు, గోధుమపిండి ముద్ద చాలు. గాలం మొన వెనక ఉండే చిన్న ముల్లును ప్లయరుతో నొక్కేస్తాను. చేప కన్నా ముందు పిల్లల వేళ్ళకే గుచ్చుకుంటుంది కదా.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే ఆకలి మీదున్నాయని సంబరపడతారు. రాత్రంతా నాచు, మొక్కలు ఆక్సిజన్ వాడేస్తాయి, వదలవు. చేపలకు ఊపిరాడటం లేదన్నమాట. ఎర వైపు చూడవు. పొద్దెక్కాక రండి.

ఇక నాకు టెన్షన్ పెట్టే మాట: "ఒడ్డున మోకాలి లోతే, పైగా మావాడికి ఈత వచ్చు."

మన చెరువుల్లో మట్టి తవ్వుకుపోతారు. ఎండాకాలం చూసిన గొయ్యి వానలొచ్చాక కనిపించదు, మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది. అడుగున బురద కాలు పట్టేస్తే ఈత ఏం చేస్తుంది? గాలం తుంగలో చిక్కిందనో, చెప్పు కొట్టుకుపోయిందనో పిల్లాడు దిగుతాడు. చిక్కితే తంగూసు తెంపేయడమే, ఇరవై రూపాయల గాలం కోసం దిగేది లేదు. తూము దగ్గర, పారుతున్న అలుగు దగ్గర కూర్చోనివ్వను. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. ఎవరైనా పడితే దూకకండి. వెదురు కర్ర చాచండి, తాడుకు కట్టిన ఖాళీ డబ్బా విసరండి. రెండూ గట్టు మీద సిద్ధంగా ఉండాలి.

"ఊరి చెరువు, ఎవరిని అడగాలి?" చాలా చెరువుల్లో చేపపిల్లల్ని వదిలి పెంచుకునేది మత్స్యకారుల సహకార సంఘమే. పొద్దున్నే వలకు వచ్చేవాళ్ళను అడిగితే సాధారణంగా కాదనరు, ఏ వైపు గోతులున్నాయో కూడా చెబుతారు. పాఖాల, మంజీరా లాంటి అభయారణ్యాలవైపు మాత్రం గాలం పట్టుకుని వెళ్ళకండి. మంజీరాలో మొసళ్ళు కూడా ఉన్నాయి.