మాట అందకపోయినా ఎగరాలి

రిమోట్ మీది పుల్లను ముందుకు తోస్తే డ్రోన్ ముందుకు పోతుంది. దాని మోటార్లను మనమే నడుపుతున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి నాలుగు మోటార్లలో ఒక్కటి కూడా మన చేతిలో లేదు. గాలికి ఏ పక్కకు ఒరిగింది, ఏ మోటారు వేగం ఎంత పెంచాలి అన్న లెక్కను సెకనుకు వందల నుంచి వేల సార్లు వేసేది డ్రోన్‌లోనే ఉన్న ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్. మనిషి చేతికి అంత వేగం ఎక్కడిది? మనం గాలిలోకి పంపేది కోరిక మాత్రమే: ఇంత వంగు, ఇంత తిరుగు, ఇంత పైకి లే.

కోరిక కాబట్టే అది చాలా చిన్నది. రెండు పుల్లల స్థానాలు, రెండు మూడు మీటల స్థితి, అంతే. ఒక్కో స్థానాన్ని చెప్పడానికి 10 లేదా 11 బిట్లు చాలు. మొత్తం కలిపినా ఒక ఎస్సెమ్మెస్‌లో పదో వంతు ఉంటుందేమో. దాన్నే సెకనుకు 50 సార్లు, పందెపు డ్రోన్లలోనైతే 500 సార్లు కూడా పంపుతారు. మధ్యలో ఒకటి దారి తప్పితే మళ్ళీ పంపమని డ్రోన్ అడగదు. అడగకూడదు కూడా. ఆలస్యంగా అందిన పాత ఆదేశం అసలు అందని ఆదేశం కంటే ప్రమాదకరం.

కెమెరా నుంచి కిందికి వచ్చే వీడియో సంగతి వేరు. దానికి సెకనుకు కోటి బిట్లు, ఒక్కోసారి అంతకు ఎన్నో రెట్లు కావాలి. సమాచారం ఎంత దట్టంగా ఉంటే దాన్ని విడమర్చుకోవడానికి సిగ్నల్ అంత బలంగా ఉండాలి. అందుకే దూరం పోయే కొద్దీ సాధారణంగా ముందు బొమ్మ చెడుతుంది, ఆదేశాలు మాత్రం ఇంకా అందుతూనే ఉంటాయి. తెర ఆగిపోగానే డ్రోన్ చేజారిందని కంగారుపడి పుల్లలను అటూ ఇటూ లాగేవారు, బుద్ధిగా వింటున్న యంత్రానికి పిచ్చి ఆదేశాలు ఇస్తున్నట్టే.

ఈ సంభాషణ ఎక్కువగా సాగేది 2.4, 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల దగ్గర. ఇవి చాలా దేశాల్లో లైసెన్సు అక్కరలేనివి, కాబట్టే కిక్కిరిసి ఉంటాయి. వైఫై, బ్లూటూత్ అక్కడివే. మైక్రోవేవ్ ఓవెన్ రొద కూడా 2.4 దగ్గరే. ఇంత సందడిలో ఒకే చోట నిలబడి మాట్లాడితే లాభం లేదు గనక రిమోట్, డ్రోన్ రెండూ కలిసి సెకనుకు పదుల నుంచి వందల సార్లు పౌనఃపున్యం మారుస్తుంటాయి. ఏ క్షణాన ఎక్కడికి గెంతాలో ఇద్దరికే తెలుసు. కొత్త రిమోట్‌ను డ్రోన్‌తో జత చేసేటప్పుడు పంచుకునే గుర్తింపు సంఖ్య నుంచే ఆ వరుస పుడుతుంది. ఒక చోట రొద ఉంటే ఆ ఒక్క గెంతులోని మాట పోతుంది, మిగతావి అందుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో టార్పెడోల కోసం ఇలాంటి ఆలోచనకే హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ 1942లో అమెరికాలో పేటెంట్ పొందారు. అందులో 88 పౌనఃపున్యాలు ఉన్నాయి, పియానో మెట్లు ఎన్నో అన్ని. నావికాదళం మాత్రం ఆ యుద్ధంలో దాన్ని వాడుకోలేదు.

దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. దీన్ని ఎవరూ మార్చలేరు. చేతిలో ఉన్నది యాంటెన్నా. చాలామంది యాంటెన్నా కొనను తుపాకీ గురిపెట్టినట్టు డ్రోన్ వైపు పెడతారు. అంతకంటే చెడ్డ భంగిమ లేదు. మామూలు కడ్డీ యాంటెన్నా తన పక్కల చుట్టూ తరంగాలను వెదజల్లుతుంది, కొన నుంచి దాదాపు ఏమీ రాదు. దాని పక్క భాగం డ్రోన్ వైపు ఉండాలి.

డ్రోన్ కంటికి కనిపిస్తే చాలనుకోవడం మరో పొరపాటు. తరంగానికి సరళరేఖ ఒక్కటే చాలదు, దాని చుట్టూ కొంత చోటు కూడా కావాలి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, కిలోమీటరు దూరానికి, నడిమధ్యలో ఆ చోటు వ్యాసార్ధం సుమారు 5.6 మీటర్లు. అందులో సగానికి పైగా అడ్డు లేకుండా ఉండాలి. రిమోట్‌ను నడుము ఎత్తున పట్టుకుని, దూరాన డ్రోన్‌ను నేలకు మీటరున్నర ఎత్తులో తిప్పితే, చూపుకు అడ్డేమీ లేకపోయినా నేలే సిగ్నల్‌ను మింగుతుంది. కాస్త పైకి లేపితే మాట మళ్ళీ అందుతుంది.

అయినా ఎప్పుడో ఒకప్పుడు మాట ఆగిపోతుంది. డ్రోన్ తయారీలో అసలు పనితనం ఇక్కడే కనబడుతుందని నా అభిప్రాయం. చివరి ఆదేశాన్నే పట్టుకుని సాగిపోవడం అన్నిటికంటే ప్రమాదం. పందెపు డ్రోన్ మోటార్లు ఆపేసి దభీమని పడిపోతుంది. ఎవరి అదుపూ లేకుండా దూసుకుపోవడం కంటే అదే మేలు. కెమెరా డ్రోన్ ముందే నిర్ణయించిన ఎత్తుకు లేచి, జీపీఎస్ సాయంతో బయల్దేరిన చోటికి తిరిగి వస్తుంది. చిక్కేమిటంటే జీపీఎస్ కూడా రేడియో సంకేతమే. 20,000 కిలోమీటర్ల పైనుంచి వచ్చేసరికి అది ఎంతో బలహీనం, అణచివేయడం సులువు. ఉక్రెయిన్ యుద్ధంలో ఇరుపక్షాలూ రేడియోను ఇంతగా అడ్డుకోబట్టే, వెనక కిలోమీటర్ల పొడవున సన్నటి ఆప్టికల్ ఫైబర్ విప్పుకుంటూ పోయే డ్రోన్లు వచ్చాయి. వాటికి జామింగ్ భయం లేదు, కానీ ఫైబర్ చుట్ట బరువు మోయాలి, కొమ్మకో తీగకో చిక్కుకుంటే అంతే సంగతులు.

ఖండాలు దాటి నడిపే సైనిక డ్రోన్లకు ఉపగ్రహమే దారి. ఉపగ్రహం భూమి మీది ఒకే చోటికి పైన నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆదేశం పైకి వెళ్ళి కిందికి రావడానికే పావు సెకను, ఫలితం కనబడటానికి ఇంకో పావు. ఆకాశంలో అది పెద్ద లెక్క కాదు, రన్‌వే మీద చాలా పెద్ద లెక్క. అందుకే అమెరికా సైనిక డ్రోన్ ప్రిడేటర్ లాంటి వాటిని ఎగరేయడం, దించడం ఆ రన్‌వే ఉన్న స్థావరంలోని సిబ్బందే నేరుగా రేడియోతో చేసేవారు.

అంగారకుడి మీద ఆ ఆలస్యం ఒక వైపుకే నిమిషాల్లో ఉంటుంది. 2021 ఏప్రిల్ 19న నాసా వారి ఇంజెన్యుటీ హెలికాప్టర్ మొదటిసారి 39 సెకన్లు ఎగిరినప్పుడు, కబురు భూమికి చేరక ముందే అది దిగిపోయింది కూడా. ఏం చేయాలో ముందే చెప్పి పంపారు. అది నేరుగా మాట్లాడింది పక్కనున్న పర్సెవరెన్స్ రోవర్‌తోనే, 900 మెగాహెర్ట్జ్ దగ్గర. 2024 జనవరిలో 72వ సారి ఎగిరి కిందికి దిగుతుండగా ఆ సంబంధం తెగింది. మర్నాడు మళ్ళీ మాట కలిసింది, తర్వాత వచ్చిన చిత్రాల్లో రెక్కలు విరిగి కనిపించాయి. నేరం రేడియోది కాదు. నేలమీది గుర్తులను కెమెరాతో చూస్తూ దారి పోల్చుకునే యంత్రం అది. ఆ రోజు దాని కింద ఉన్నది గుర్తులే లేని ఇసుక మేటలు.