భయభక్తుల్లో భయం వాటా ఎంత: టోర్గావ్‌లో తెగని తగవు

నరకాన్ని కళ్లకు కట్టేలా వర్ణించి విశ్వాసులను మోకాళ్ల మీదికి తెచ్చే ప్రసంగాలు సమంజసమా అన్న వాదం తెలుగు క్రైస్తవుల మధ్య మళ్లీ రాజుకుంది. ఒక పక్షం ‘భయముతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి’ అన్న పౌలు మాటను ముందుపెడితే, రెండో పక్షం ‘పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును’ అన్న యోహాను మాటతో బదులిస్తుంది. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఒక ఇటలీ టీవీ కార్యక్రమంలో, ఇది సిద్ధాంతం కాదు, నా సొంత మాట అని ముందే చెప్పుకొని, నరకం ఖాళీగా ఉందని తలచుకోవడం తనకు ఇష్టమనీ అలాగే ఉండాలని ఆశిస్తున్నాననీ అన్నప్పుడు కూడా ఇదే తగవు ప్రపంచమంతటా లేచింది.

దీని చరిత్ర చెప్పేవారు సాధారణంగా సీనాయి కొండ ఉరుములతోనో, పిడుగుకు హడలిపోయి సన్యాసిగా మారతానని మొక్కుకున్న జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ యౌవనంతోనో మొదలుపెడతారు. అవి అందరూ విన్న కథలే. నేటి వాదానికి నేరుగా తగిలే ఘట్టం 1527లో జర్మనీలోని సాక్సనీలో, టోర్గావ్ పట్టణంలో జరిగింది. దానికి ముందు లూథర్ ఏమన్నాడో మాత్రం గుర్తుంచుకోవాలి.

నరకానికి జడిసి పడే పశ్చాత్తాపం దేవుని క్షమాపణకు చాలుతుందా, లేక దేవుని మీది ప్రేమతో పుట్టిన పశ్చాత్తాపమే కావాలా అన్నది మధ్యయుగపు పండితులు తెగ చర్చించిన ప్రశ్న. మొదటిదాని వెనుక ఉన్నది దాస్యభయమనీ, అంటే యజమాని కొరడాకు బానిస పడే భయమనీ, రెండోదాని వెనుక ఉన్నది పుత్రభయమనీ, అంటే తండ్రి మనసు నొచ్చుతుందేమోనని బిడ్డ పడే భయమనీ వారు విడదీశారు. లూథర్ ఈ విషయంలో మెతకగా మాట్లాడలేదు. నిజమైన పశ్చాత్తాపం నీతి మీద, దేవుని మీద ప్రేమతోనే మొదలవుతుందని 1518లో తన గురువు స్టౌపిట్స్‌కు రాశాడు. ఆ సంగతి తాను నేర్చుకున్నది ఆయన దగ్గరేనని కూడా చెప్పాడు. పాపాల బరువును, రాబోయే శిక్షను తలచుకొని తెచ్చిపెట్టుకునే పశ్చాత్తాపం మనిషిని వేషధారిని చేస్తుందనీ, ఇంకా పెద్ద పాపిని చేస్తుందనీ బోధించాడు. 1520 జూన్ 15న పోప్ పదో లియో తన ఆజ్ఞాపత్రంలో తప్పుపట్టిన 41 వాక్యాల్లో ఆరోది ఇదే.

ఏడేళ్లు గడిచాయి. సాక్సనీ పాలకుడు ఎలెక్టర్ జాన్ ఆదేశంతో సంస్కర్తలు ఊరూరా తిరిగి సంఘాలను తనిఖీ చేశారు. పల్లెల్లో వారికి కనిపించింది పట్టణపు వేదాంత చర్చల్లో ఊహించని దృశ్యం. ప్రార్థనలు రాని జనం, బోధించడం చేతకాని బోధకులు, కొత్తగా దొరికిన స్వేచ్ఛను ఎలా దుర్వినియోగం చేయాలో మాత్రం చక్కగా నేర్చిన విశ్వాసులు. ఈ చివరి ఫిర్యాదు లూథర్ స్వయంగా రాసినదే. మన ఊళ్లలో పెద్దలు విసుక్కునే ‘భయమూ లేదు, భక్తీ లేదు’ అన్న మాటకు అది పదహారో శతాబ్దపు రూపం. పశ్చాత్తాపం ఊసెత్తకుండా క్షమాపణ ఒక్కటే ప్రకటిస్తే జనం నిశ్చింతగా, నిర్భయంగా తయారవుతారని లూథర్ మిత్రుడు, సహచరుడు మెలాంక్‌తన్ తనిఖీదారుల కోసం రాసిన సూచనల్లో హెచ్చరించాడు. ధర్మశాస్త్రపు, అంటే బైబిలులోని పది ఆజ్ఞల వంటి దేవుని ఆజ్ఞల, బెదిరింపులను మళ్లీ ప్రకటించాలన్నాడు.

ఐస్లేబెన్‌లో పాఠశాల నడుపుతున్న లూథర్ శిష్యుడు యోహాన్ అగ్రికోలా దీన్ని ఒప్పుకోలేదు. పశ్చాత్తాపం శిక్షాభయంతో మొదలుకాదు, నీతి మీది ప్రేమతో మొదలవుతుంది అన్నాడు. అది లూథర్ 1518లో రాసిన మాటే, ఇంచుమించు పొల్లు పోకుండా. గురువు మాటను గురువు మిత్రుడికి అప్పజెప్పిన ఈ శిష్యుడిని చరిత్రకారులు ఎక్కువగా తగవులమారిగానే చిత్రించారు; ఆయన స్వభావంలో దానికి కొంత ఆధారం ఉన్నా, ఆయన వేసిన ప్రశ్నకు స్వభావంతో సంబంధం లేదు. భయంతో తెచ్చిన మార్పు వేషధారణ అన్నది 1520లో నిజమైతే 1527లో ఎందుకు కాదు?

ఆ ఏడాది నవంబర్ చివర ఇరుపక్షాలను టోర్గావ్‌కు పిలిపించారు. లూథర్ మధ్యవర్తి. దేవుడు ఉన్నాడనీ, ఆయన హెచ్చరిస్తున్నాడనీ నమ్మడం కూడా ఒక విధంగా విశ్వాసమే గనుక విశ్వాసమే ముందు వస్తుందని అగ్రికోలా తృప్తిపడవచ్చు. అయితే మోటు జనానికి అర్థమయ్యేందుకు ఆ బోధను పశ్చాత్తాపం, ఆజ్ఞ, ధర్మశాస్త్రం, భయం అన్న పేర్ల కిందే ఉంచాలి అన్నది కుదిరిన రాజీ. 1528లో అచ్చయిన సూచనల్లో ఈ వివరణ ఉంది. జాగ్రత్తగా చదివితే అది అగ్రికోలాకు జవాబు చెప్పడం లేదు. పండితుల సంగతి ఎలా ఉన్నా పామరులకు భయం కావాలంటోంది. లూథర్ మాత్రం ఇంతకంటే లోతైన సంగతి ఒకటి ఆ రోజుల్లోనే మెలాంక్‌తన్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. శిక్షాభయం వేరు, దైవభయం వేరు అని అక్షరాల్లో చెప్పడం సులువేననీ, మనసు అనుభవంలో వాటి తేడా పోల్చుకోవడమే కష్టమనీ దాని భావం. పదేళ్ల తర్వాత అగ్రికోలా అదే ప్రశ్న మళ్లీ లేవనెత్తాడు, లూథర్ బహిరంగ వాదాలతో ఎదుర్కొన్నాడు, 1540లో అగ్రికోలా విటెన్‌బర్గ్ విడిచి బెర్లిన్ వెళ్లిపోయాడు.

తనిఖీల ఫలితమే లూథర్ రాసిన 1529 నాటి చిన్న ప్రశ్నోత్తర బోధిని. పది ఆజ్ఞల్లో మొదటిదాని వివరణ దేవునికి అన్నిటికన్నా మిన్నగా భయపడాలి, ఆయనను ప్రేమించాలి, ఆయనను నమ్మాలి అంటుంది. తక్కిన తొమ్మిదింటి వివరణలూ మనం దేవునికి భయపడి ఆయనను ప్రేమించాలి అన్న ఎత్తుగడతోనే మొదలవుతాయి. టోర్గావ్‌లో విడివిడిగా నిలబడిన రెండు మాటలను ఇక్కడ ఒకే వాక్యంలో కట్టేశారు. కట్టు గట్టిదే, కాని ఏది ముందు, ఏది ఎంత అన్న లెక్క అందులో లేదు.

ఆ లెక్క వేయడానికి ప్రయత్నించినవాడు వెయ్యేళ్లకు పైగా ముందే ఉన్నాడు. యోహాను పత్రికపై ప్రసంగిస్తూ ఉత్తరాఫ్రికా బిషప్ అగస్టీన్ భయాన్ని సూదితో, ప్రేమను దారంతో పోల్చాడు. సూది ముందు దూరకపోతే దారం లోపలికి రాదు. సూది బయటికి వెళ్లకపోయినా దారానికి చోటు లేదు. అలాగని సూదితో కథ ముగించలేదు. భర్త ఎక్కడ వచ్చేస్తాడోనని హడలిపోయే తప్పుదారి భార్యకూ, భర్త ఎక్కడ దూరమవుతాడోనని దిగులుపడే పతివ్రతకూ ఉన్నది భయమే. ప్రేమ వెళ్లగొట్టేది మొదటిదాన్ని, రెండోది ఎప్పటికీ నిలిచేది అన్నాడు.

కతోలిక సంఘం ట్రెంట్ మహాసభలో తన వైఖరి తేల్చింది. నరకభయంతో పాపాలకు దుఃఖించి దేవుని కరుణను ఆశ్రయించడం పాపమనేవారిని 1547లో శపించింది. ఆ అసంపూర్ణ పశ్చాత్తాపం కూడా దేవుని వరమేనని 1551లో ప్రకటించింది. అయినా ఎంత ప్రేమ కలిస్తే చాలునన్న గొడవ ఆగలేదు. చివరికి 1667లో పోప్ ఏడో అలెగ్జాండర్, మీరు ఒకరినొకరు తప్పుపట్టుకోవద్దని రెండు వర్గాలకూ చెప్పి ఊరుకున్నాడు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్స్ తెలుగులోకి తెచ్చిన లూథర్ చిన్న బోధిని 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగు లిపిలో తొలినాళ్లలో అచ్చుకెక్కిన పుస్తకాల్లో అదొకటి. 1842లో లూథరన్ మిషనరీ హైయర్ గుంటూరు చేరాక వేళ్లూనిన లూథరన్ సంఘాలు ఆ బోధినినే పాఠంగా నేర్పాయి. అంటే సాక్సనీ పల్లెల కోసం కుదిర్చిన ఆ జంట మాట మన పిల్లల నోటికీ వచ్చింది.

తెలుగు బైబిలులో మరో మలుపు ఉంది. గ్రీకు బైబిలులో సామెతలు 1:7లోనూ, యోహాను పత్రికలోనూ, పౌలు పత్రికలోనూ ఉన్నది ‘ఫోబోస్’ అనే ఒకే మాట. అందుకే అగస్టీన్ లాంటివారికి వచనాలు ఒకదానితో ఒకటి ఢీకొన్నట్టు కనిపించి, వాటిని పొత్తు కుదర్చాల్సి వచ్చింది. మన అనువాదకులు సామెతల్లో ‘యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము’ అన్నారు, యోహాను దగ్గర ఉట్టి ‘భయము’ అన్నారు. గురువుల పట్ల, పెద్దల పట్ల వాడే భయభక్తులన్న జంటపదం చేతికి అందిరావడంతో, ఒకచోట నేర్చుకోవాల్సినదీ మరోచోట వెళ్లగొట్టాల్సినదీ ఒకే మాటన్న సంగతి తెలుగు పాఠకుడి కంటపడదు. దైవభయం అంటే గౌరవమేనని నేడు తేలిగ్గా తేల్చేవారికీ, భయమంటే భయమేనని గద్దించేవారికీ ఈ జంటపదమే ఆధారం. ఒకరు రెండో సగం పట్టుకుంటారు, మరొకరు మొదటి సగం.

కొన్నిచోట్ల అనువాదకులు భక్తిని జతచేయలేదు. సామెతల్లోని హీబ్రూ మాటే ఉన్న కీర్తన 19:9ని వారు ‘యెహోవాయందైన భయము పవిత్రమైనది, అది నిత్యము నిలుచును’ అని తెచ్చారు. యోహాను వచనానికి ఎదురుగా పెట్టి అగస్టీన్ చర్చించిన వచనం కూడా అదే.