లీటరు నీళ్లు మసలాలంటే ఎంత వేడి కావాలి?

హన్మకొండ చౌరస్తాలో కెటిల్ కొనడానికి వెళ్తే షాపులో చాలాసార్లు వినిపించే మాట: "రెండే నిమిషాల్లో నీళ్లు మసులుతయ్." ఎన్ని నీళ్లు అని మనం అడగాలి. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. 25 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లు మసిలేదాకా రావాలంటే దాదాపు 315 కిలోజౌళ్లు. 1500 వాట్ల కెటిల్ సెకనుకు ఇవ్వగలిగింది ఒకటిన్నర కిలోజౌళ్లే. ఇసుమంత వేడి కూడా బయటికి పోకపోయినా 210 సెకన్లు, అంటే మూడున్నర నిమిషాలు పడుతుంది. కెటిల్ ఒళ్లు వేడెక్కడానికి, ఆవిరికి కొంత పోతుంది కాబట్టి నాలుగు నిమిషాలు అనుకోవాలి. రెండు నిమిషాల్లో మసిలేది అరలీటరు.

ఈ లెక్కను ఏ కంపెనీ మార్చలేదు. ఎనిమిది వందల కెటిల్ అయినా ఎనిమిది వేల కెటిల్ అయినా నీళ్లు అడిగే వేడి అంతే. వస్తువుకీ వస్తువుకీ తేడా ఎక్కడొస్తుందంటే, పుట్టిన వేడిలో ఎంత నీళ్లలోకి వెళ్లింది, ఎంత వంటింట్లోకి పోయింది అన్న దగ్గర. కెటిల్‌లో హీటర్ సరిగ్గా నీళ్ల అడుగునే ఉంటుంది, మూత ఉంటుంది, నష్టం తక్కువ. గ్యాస్ పొయ్యికి ఐఎస్ఐ గుర్తు ఇవ్వాలంటే కనీసం 68 శాతం వేడి గిన్నెకు అందాలి. అదీ మంటకు తగిన గిన్నె పెట్టి పరీక్ష చేసినప్పటి మాట. పెద్ద బర్నర్ మీద చిన్న చాయ్ గిన్నె పెట్టి, మంట గిన్నె చుట్టూ పైకి లేస్తుంటే అందులో చాలా భాగం గాలికే పోతుంది. చిన్న గిన్నెకు చిన్న బర్నర్, పైన మూత. పైసా ఖర్చు లేని ఈ పని చాలా ఇళ్లలో జరగదు.

ఇండక్షన్ పొయ్యి దారి వేరు. లోపలి రాగి చుట్టలో సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా దిశ మారే కరెంటు, గిన్నె అడుగులో సుడులు తిరిగే మరో కరెంటును పుట్టిస్తుంది. ఆ కరెంటుకు ఇనుము గట్టిగా అడ్డుపడి వేడెక్కుతుంది. రాగి, అల్యూమినియం, ఇత్తడి అడ్డుపడవు కాబట్టి అవి పెద్దగా వేడెక్కవు, చాలా పొయ్యిలు వాటిని గిన్నెలుగానే గుర్తించవు. పెంబర్తి ఇత్తడి ఎంత గొప్పదైనా ఇండక్షన్ మీద పనికిరాదు. కొనేముందు ఇంట్లో ఉన్న గిన్నెల అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే పనిచేస్తుంది.

షాపులో ఎవరూ ఎత్తని విషయం ఇంకోటి ఉంది: మన ఇంటి కరెంటు. కెటిల్ లాంటి హీటర్ ఉన్న వస్తువు శక్తి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే అంకెతో) తగ్గుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట సాయంత్రం పూట 180 వస్తుంటే, 1500 వాట్ల కెటిల్ ఇచ్చేది 920 వాట్లే. నాలుగు నిమిషాల పని ఆరున్నర నిమిషాలకు పోతుంది. కెటిల్ పాడైందని షాపుకు తీసుకెళ్తే అక్కడ బాగానే పనిచేస్తుంది! లోపం లైనులో ఉంటుంది. ప్లగ్గు సంగతీ చూసుకోవాలి. ఫ్యానుకి, ఫోను చార్జర్‌కి వాడే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల వరకే దాని బలం. 1500 వాట్ల కెటిల్‌ని, 2000 వాట్ల ఇండక్షన్‌ని అడాప్టర్ పెట్టి దానికి తగిలిస్తే సాకెట్ లోపలి లోహపు పత్తీలు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. వీటికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉండాలి. అది వంటింట్లో లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, కెటిల్ తర్వాత.

ఇక చాయ్. వరంగల్‌లో చాయ్ అంటే పాలు, చాయ్‌పత్తి, చక్కెర కలిసి మసలాలి. కెటిల్‌లో పాలు పోయొద్దని కంపెనీలు ఊరికే రాయవు. పాలలోని కొన్ని ప్రొటీన్లు 70 డిగ్రీలు దాటాక విప్పుకుని, కాల్షియంతో కలిసి వేడి లోహానికి అతుక్కుంటాయి. కెటిల్ అడుగు వేడి మరీ ఎక్కువ కాబట్టి ఆ పొర మాడి, ఎంత కడిగినా వాసన పోదు. పైన ప్రొటీన్లు, కొవ్వు కలిసి పొర కడతాయి. కింది ఆవిరి ఆ పొరను ఎత్తుకుంటూ పైకొస్తుంది, అదే పొంగు. కెటిల్ ఆగిపోయే పద్ధతి కూడా చాయ్‌కి సరిపడదు. నీళ్లు మసలగానే ఆవిరి ఒక సన్నని దారి గుండా స్విచ్ దగ్గరున్న రెండు లోహాల బిళ్లను తాకుతుంది. ఆ రెండూ ఒకేలా వ్యాకోచించవు, బిళ్ల టక్కున వంగి స్విచ్‌ను పడగొడుతుంది. మూత సరిగా పడకపోతే ఆవిరి అటు వెళ్లదు, కెటిల్ ఆగదు. చాయ్ మాత్రం మసిలాక కూడా మరో మూడు నాలుగు నిమిషాలు పొయ్యి మీద ఉండాలి. రంగు, ఘాటు, కెఫీన్‌లో ఎక్కువ భాగం దిగేది అప్పుడే. అలా మసిలిన చాయ్ వగరెక్కాలి, కానీ పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ ఆ వగరును పట్టేసుకుంటుంది. పాలు లేని చాయ్‌ని అంతసేపు మసలబెడితే నోట్లో పెట్టుకోలేం. కాబట్టి పాల చాయ్ తాగే ఇంటికి నా సలహా: మందపాటి అడుగున్న గిన్నె, చిన్న బర్నర్. ఇండక్షన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. తక్కువ ధర పొయ్యిల్లో చాలావాటికి మంట తగ్గించినట్టు వేడి తగ్గదు. కొన్ని సెకన్లు గట్టిగా వెలిగి, కొన్ని సెకన్లు ఆగుతాయి. ఆ వెలిగినప్పుడే పాలు పొంగేది.

కాఫీ మన వైపు తక్కువే. తాగేవాళ్లకు రెండంతస్తుల స్టీలు ఫిల్టర్ చాలు, అది కరెంటు అడగదు. మసిలిన నీళ్లను అర నిమిషం ఆగి పోస్తే 95 డిగ్రీల దగ్గరకు వస్తాయి, పొడికి అది మంచిది. పెద్ద మెషీన్ల మీద "15 బార్లు" అని రాసి ఉంటుంది. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్ప్రెసోకి కావలసింది 9 బార్లు. ఆ అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

ఏ వస్తువు కొన్నా చివరికి దాని ఆయుష్షు తేల్చేది నీళ్లు. నగరంలో నల్లాకి వచ్చేవి ధర్మసాగర్ లాంటి జలాశయాల నీళ్లు, కాకతీయ కాలువ ద్వారా వచ్చిన గోదావరి నీళ్లు. బోరు నీళ్లు వేరు. నల్లరాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లను కరిగించుకుని వస్తాయి. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, కరగని కాల్షియం కార్బనేట్ మిగులుతుంది. అదే కెటిల్ అడుగున కనిపించే తెల్లటి సున్నపు గార. అది తాగినా హాని లేదు, కానీ వేడిని నీళ్లలోకి పోనివ్వదు. హీటర్ లోపల మరింత కాలి త్వరగా పోతుంది. కత్తితో గీకొద్దు. అరలీటరు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి మసలబెట్టి అరగంట వదిలేస్తే, బుసబుసమని నురగ వచ్చి గార కరిగిపోతుంది. రెండు నిమ్మకాయలు పిండినా పనవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాచిన నీళ్లలో సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. ఆవిరి పోయిన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో "కాచి తాగుతున్నాం కదా" అని ధీమాగా ఉండొద్దు. చాయ్‌కి, వంటకి కూడా నల్లా నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడాలి.

కరెంటు బిల్లు భయం చాలామందికి కెటిల్ మీద ఉంటుంది. రోజుకు మూడు లీటర్లు కాచినా నెలకు తొమ్మిది పది యూనిట్లు దాటదు. అసలు ఖర్చు స్నానాల గదిలో ఉంది. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. 18 డిగ్రీల బకెట్ నీళ్లు, అంటే 20 లీటర్లు, 40 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ పడుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు అరవై యూనిట్లు. గృహజ్యోతి (తెలంగాణ ఉచిత కరెంటు పథకం) కింద 200 యూనిట్ల లోపు ఉండాలనుకునే ఇంటికి ఇది పెద్ద అంకె. డాబా మీద జాగా ఉంటే సోలార్ హీటర్ మంచిది, బోరు నీళ్లయితే దాని గొట్టాలకూ గార పడుతుందని తెలిసి కొనాలి. కట్టెలు దొరికే ఊళ్లో కాగు ఇప్పటికీ తీసెయ్యాల్సిన వస్తువు కాదు, పొగ బయటికి పోయే చోట పెడితే.

నన్ను భయపెట్టేది హీటర్ రాడ్. ధర తక్కువ, పని త్వరగా అవుతుంది, అందుకే అద్దె గదుల్లో, హాస్టళ్లలో అదే వాడతారు. గార పట్టిన రాడ్ లోపల అతిగా కాలి, పైగొట్టం చిట్లితే కరెంటు నేరుగా నీళ్లలోకి వస్తుంది. ఇనుప బకెట్‌లో పెట్టొద్దు. నీళ్లు కాగాయో లేదో చూడాలంటే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, రాడ్ బయటికి తీశాకే వేలు పెట్టాలి. పిల్లలు తిరిగే చోట అసలే వద్దు. ఇంటికి సరైన ఎర్తింగ్ చేయించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి మనిషి గుండా భూమిలోకి వెళ్తుంటే అది సెకనులో చిన్న భాగంలోనే లైను తెంచేస్తుంది. పాత ఇంట్లో కూడా పెట్టించుకోవచ్చు. దాని మీద పరీక్ష బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి పడిపోతోందో లేదో చూడాలి.