బాడుగా, విరాళమా: తిరుపతి సత్రాల పన్ను గొడవ అసలెక్కడ మొదలైంది

మఠాలు, సత్రాలు కార్పొరేషన్‌కు ఆస్తిపన్ను కట్టాలా వద్దా అన్న గొడవ తిరుపతిలో మళ్ళీ లేచింది. బకాయిల వసూలు మొదలైనప్పుడల్లా లేచేదే. "దేవుడి ఆస్తికి పన్నేంటి" అని ఒకరంటే, "రెండు గదుల ఇంటికి నేను కడుతున్నా కదా, వంద గదులున్నోళ్ళు ఎందుకు కట్టరు" అని ఇంకొకరు. కొండ గుడిని ఒకప్పుడు నడిపిన మఠాధిపతులు, అంటే మహంతుల కాలం, దేవస్థానం కమిటీ, ఆ చట్టాల కథంతా ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది వేరే చోట.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. "ట్రస్టుకు పన్ను మినహాయింపు ఉంది" అని చాలామంది చెప్పేది ఆదాయపు పన్ను సంగతి. అది కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది, దానికీ షరతుంది, వచ్చిన దాంట్లో 85 శాతం సంస్థ పెట్టుకున్న ధర్మకార్యాలకే ఖర్చు పెట్టాలి. ఆస్తిపన్ను దీనికి సంబంధం లేనిది, అది ఊరికి పోయే డబ్బు. వీధి ఊడ్చడానికి, కాలవ తీయడానికి, కల్యాణి డ్యామ్ నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు కుళాయిలోకి రావడానికి, చెత్త బండ్లు తూకివాకం దాకా పోయి రావడానికి. ఒకదాంట్లో మినహాయింపు ఉన్నంత మాత్రాన రెండోదాంట్లో దానంతట అది రాదు.

ఆస్తిపన్నులో మినహాయింపు ఎక్కణ్ణించి వచ్చిందో చూస్తే మద్రాసు రోజులకు పోవాలి. అప్పుడు తిరుపతి ఉన్న చిత్తూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది. 1920 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టంలో పూజకు వాడే స్థలాలతో పాటు సత్రాలకూ మినహాయింపు ఉంది. అదే మాట 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలోకీ వచ్చింది. బాడుగ తీసుకోని సత్రానికి పన్ను లేదు, బాడుగ తీసుకున్నా ఆ డబ్బు పూర్తిగా ధర్మకార్యాలకే వాడితే పన్ను లేదు. 2007లో తిరుపతి కార్పొరేషన్ అయ్యాక చట్టం మారిందేగానీ ఊళ్ళో వాదన మాత్రం ఇప్పటికీ ఆ "పూర్తిగా" అన్న మాట చుట్టూనే తిరుగుతోంది.

ఆ మాట రాసినప్పుడు సత్రం అంటే ఏంటో గుర్తు చేసుకోవాలి. మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కొండకు పోవాలంటే నడకే, చేతగానివాళ్ళకు డోలీ. రైలు దిగిన మనిషి కింద తిరుపతిలో ఎక్కడో ఒక చోట తల దాచుకోవాలి, వంట చేసుకోవాలి, తెల్లారి మెట్లెక్కాలి. ఆ మనిషి కోసం ఎక్కడెక్కడి జమీందార్లో, కోమటి సెట్లో, పక్క జిల్లాల రైతులో కట్టించినవి ఈ సత్రాలు. రాతి అరుగు, బావి, పెద్ద వసారా, అంతే. బాడుగ అన్న మాటకే తావు లేదు.

రోడ్డు పడింది, బస్సులొచ్చాయి, 1974లో రెండో ఘాట్ రోడ్డూ వచ్చింది. జనం పెరిగారు, కొండమీద గదులు చాల్లేదు, కింద గదికి ధర వచ్చింది. నా లెక్కలో మలుపు అక్కడే ఉంది, ఏ కోర్టు తీర్పులోనూ లేదు. వసారాకు అడ్డగోడలు పెట్టి గదులు చేశారు, గదులకు బాత్రూములు, తర్వాత ఏసీ. దాత రాసిచ్చిన పత్రం మాత్రం అలాగే ఉంది.

పోయిన నెల మా బంధువులొస్తే గది కోసం పాతూళ్ళో ఒక సత్రానికి పోయాను. గుమ్మం పైన అరిగిపోయిన రాతి పలక, దాత పేరు సగం చదవొస్తుంది. దాని కిందే ప్లాస్టిక్ బోర్డు: ఏసీ 1,800, నాన్ ఏసీ 900, 24 గంటలు మాత్రమే. డబ్బు కట్టాక కౌంటర్లో ఇచ్చిన రసీదు చూస్తే "విరాళం" అని ఉంది. ఇదేంటన్నా అని అడిగితే, "బాడుగ కాదు సామీ, విరాళమే" అన్నాడు, ఆ అబ్బాయి చాలా మామూలుగా. విరాళమైతే తక్కువిస్తా తీసుకుంటారా అంటే నవ్వాడు. ఆ పక్కనే లాడ్జి, అదే రేటు, అదే సైజు గది. ఆ లాడ్జి యజమాని పన్ను కడతాడు, లేటయితే వడ్డీతో సహా.

మఠాల వైపు మాట కూడా తేలిగ్గా తీసేసేది కాదు. బాడుగ డబ్బుతోనే అన్నదానం, వేద పాఠశాల, గోశాల నడుస్తున్నాయంటారు, నిజంగా నడిపేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పంక్తిలో నేనూ తిన్నాను. ఇంకో పాత గాయం కూడా ఉంది. ఆర్కాటు నవాబులు కొండ రాబడిని తమ ఖజానాకు పట్టుకుపోయారు, 1801 నుంచి 1843 దాకా ఈస్టిండియా కంపెనీ అదే పని చేసింది. దేవుడి సొమ్ము మీద సర్కారు చెయ్యి పడుతుందంటే భక్తుడికి కోపం రావడం సహజం. కానీ అప్పుడు పట్టుకుపోయింది హుండీ డబ్బు, ఇప్పుడు ఊరు అడిగేది గది బాడుగ మీద పన్ను. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

ఊరి బాధ ఇంకోటి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి పట్టణం సుమారు 2.87 లక్షలు. దర్శనానికి రోజూ వచ్చేవాళ్ళే అరవై, డెబ్బై వేలు. వాళ్ళ చెత్త, వాళ్ళ నీళ్ళు, వాళ్ళ బస్సుల రద్దీ అన్నీ ఇక్కడి పన్నుదారుడి నెత్తినే. 2021 నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువ మీద లెక్కగట్టడం మొదలయ్యాక మామూలు ఇళ్ళవాళ్ళకు భారం ఏటా పెరుగుతూనే ఉంది. ఏప్రిల్లో ఏడాదిది మొత్తం కడితే ఐదు శాతం తగ్గింపు అని, అప్పు చేసి కట్టేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఇక్కడే 2023ను గుర్తు చేసుకోవాలి. ఆ అక్టోబరులో టీటీడీ బోర్డు తన బడ్జెట్లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇస్తామని తీర్మానించింది. ఆ ఏడాది బడ్జెట్ 4,411 కోట్లు, అంటే 44 కోట్ల చిల్లర. ప్రభుత్వం ఒప్పుకోలేదు, డిసెంబరులో ఊరి పారిశుధ్యానికి టీటీడీ డబ్బు ఇవ్వొద్దని హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అంతకు ముందు శ్రీనివాస సేతు ఫ్లైఓవర్‌కు 67 శాతం టీటీడీయే పెట్టుకుంది. అప్పట్లో నేనూ ఒక శాతం రావాల్సిందే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. బోర్డు తీర్మానంతో వచ్చే డబ్బు ఆ బోర్డు ఉన్నంతకాలమే. పన్నయితే లెక్క ప్రకారం వస్తుంది, ఎవరి దయా అక్కర్లేదు. భక్తుడు ముడుపుగా వేసిన డబ్బుతో కాలవలు తీయించడం కంటే గదికి బాడుగ తీసుకునేవాళ్ళ దగ్గర పన్ను తీసుకోవడమే న్యాయం.

బాడుగకు గీత గీయడం కష్టమనేవాళ్ళు జీఎస్టీ చూడొచ్చు. 2022లో వెయ్యి లోపు హోటల్ గదులకూ జీఎస్టీ వేసినప్పుడు అమృత్‌సర్ సరాయిల (అక్కడి గుడి సత్రాల) మీద పెద్ద గొడవైంది. గుడి ఆవరణల్లో ధార్మిక ట్రస్టులు నడిపే గదికి రోజు బాడుగ వెయ్యి లోపు ఉంటే పన్ను లేదని ఆ ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. పేదవాడి గదికి పన్ను లేదు, ఏసీ గదికి ఉంది. అదే గీత ఆస్తిపన్నుకూ పెట్టొచ్చు. పూజ జరిగే చోటు, అన్నం పెట్టే చోటు, ఊరికే పడుకోనిచ్చే వసారా వదిలేసి, 1,800 బోర్డున్న గదులకు, రోడ్డు వైపు బాడుగకిచ్చిన షాపులకు నోటీసు ఇవ్వడం.

దానికి ముందు ఎవరో ఒకరు లెక్కల పుస్తకం తెరవాలి. రిటైరైన బిల్లు కలెక్టర్ ఒకాయన నాకు చెప్పింది ఇదే: "నోటీసు పట్టుకొని పోతే ధర్మకార్యం అంటారు, సరే ఖర్చు చూపించండి అంటే ఆ లెక్కలు ఎండోమెంట్స్‌కు చూపిస్తాం మీకెందుకు అంటారు. ముప్పై ఏళ్ళు గుమ్మం దాకా పోయి వచ్చాను."