నీకేమి కావాలని వాణ్ణి ఎవరైనా అడిగారా?

"వాడికేమి తెలుస్తుందండీ, నేను చెబుతాను." కోనసీమలో మేధో వైకల్యమున్న పదో తరగతి కుర్రాణ్ణి ఏదైనా అడిగితే, తరచుగా తల్లే ఇలా అందుకుంటుంది. ఇంటి ముందు పంట కాలువ, ఊరు దాటితే గోదావరి రేవు ఉన్నచోట ఆమె భయాన్ని తప్పుపట్టలేను. కానీ వేసుకునే చొక్కా మొదలుకొని నేర్చుకునే పని దాకా అన్నీ పెద్దలే తేల్చేస్తే, వాడికి ఎంచుకోవడం ఎప్పుడు అలవడుతుంది?

ఈ అలవాటుకు మన విధానాలూ కారణమే. 1974లో వికలాంగ బాలల కోసం కేంద్రం తెచ్చిన సమీకృత విద్యా పథకం మామూలు బడిలో చోటు కల్పించడం మీదే దృష్టి పెట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. "మా తర్వాత వీడికి ఎవరు?" అన్న తల్లిదండ్రుల దిగులుకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం సంరక్షకుణ్ణి నియమించే దారి చూపింది. అది ఎంతో అవసరమైన చట్టం. అయినా అందులోనూ జవాబు చెప్పేది మరొకరే.

మేధో వైకల్యమున్నవారికీ తమ బతుకును తామే నిర్ణయించుకునే హక్కుందని స్వీడన్‌కు చెందిన సంస్కర్త బెంగ్ట్ నిర్యే 1972లోనే రాశారు. 1990లో వైకల్యమున్న పిల్లల చదువుపై వచ్చిన అమెరికా చట్టం, 16 ఏళ్లు నిండేలోగా బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక వేయాలని, అందులో విద్యార్థి ఇష్టాలను లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. అమెరికా ప్రత్యేక విద్యా పరిశోధకుడు మైకేల్ వెమేయర్, ఆయన తోటి పరిశోధకులు ఈ స్వయం నిర్ణయ భావనను మూడు ప్రశ్నల బోధనగా మలిచారు: నా లక్ష్యం ఏమిటి? నా ప్రణాళిక ఏమిటి? నేనేమి నేర్చుకున్నాను?

ఇవి మన ఊళ్లకు అందని ప్రశ్నలు కావు. కొబ్బరి పీచు పనా, కుట్టు పనా? రెండూ వారం చొప్పున చేయించి, నచ్చినదాన్ని బొమ్మ మీద వేలు పెట్టి చూపమనవచ్చు. తర్వాత మనసు మారితే మార్చుకోనివ్వాలి. తప్పు ఎంపిక కూడా వాడి చదువులో భాగమే.

స్వయం నిర్ణయాన్ని గుర్తించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని తెచ్చింది. ఇందులో సంరక్షకుడు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయించాలి. ఉచిత విద్య హక్కు మాత్రం 18 ఏళ్లతోనే ముగుస్తుంది. అంటే సంరక్షకుడి పక్కన కూర్చుని తమ మాట చెప్పడం ఆ పిల్లలు ఆలోపే నేర్చుకోవాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకూ, ఉన్నత పాఠశాలలకూ మిగిలే గడువు అంతే. ముందుగా ప్రశ్న పిల్లవాడినే అడిగి, వాడు నోరు విప్పేదాకా ఒక్క నిమిషం ఆగమని తల్లిని బతిమాలే టీచరు కావాలి.