దవళేశ్వరం నీటిమట్టం ఏ మెనూలో ఉంది?

గోదారి ఎర్రనీరు పోటెత్తిందంటే లంకల్లో అందరి నోటా ఒకటే మాట: దవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎన్ని అడుగులుంది, పెరుగుతోందా, తీస్తోందా? 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు అక్కడివాళ్లకు కొత్త కాదు. కావలసిందల్లా ఈ గంట లెక్క. పాత పద్ధతిలో కట్టిన ప్రభుత్వ సైట్లో దాన్ని వెతకాలంటే ముందు 'శాఖలు', తర్వాత 'జలవనరులు', ఆ తర్వాత సర్కిల్, దాని కింద 'ప్రకటనలు', చివరికి స్కాన్ చేసిన పీడీఎఫ్. తెరిస్తే పొద్దున ఆరు గంటల కాగితం.

ఇది ఎవరి బద్ధకం వల్లో జరిగింది కాదు. ఆ సైట్లు పుట్టినప్పుడు వాటిని వాడింది వేరే మనుషులు.

2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కౌంటర్లు వచ్చాయి. కొద్దికాలానికే పశ్చిమ గోదావరి పల్లెల్లోకీ ఆ కేంద్రాలు వెళ్లాయి. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబర్ 2న కాకినాడ దగ్గరి కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైంది. అన్నింట్లోనూ తెర ముందు కూర్చునేది ఆపరేటరు. రోజుకు యాభైసార్లు నొక్కేవాడికి మెనూ ఎంత వంకరగా ఉన్నా వేళ్లకు అలవాటైపోతుంది. రైతు కౌంటరుకు ఇవతల ఉన్నాడు కాబట్టి సైట్లోని చిక్కు అతనికి తెలియలేదు. 2016లో జియోతో డేటా చవకయ్యాక అదే రైతు ఫోన్‌తో నేరుగా సైట్లోకి వచ్చాడు. చిక్కు అప్పుడు బయటపడింది.

మధ్యలో 2005 సమాచార హక్కు చట్టం ఇంకో మలుపు. సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి కార్యాలయమూ 17 అంశాలను 120 రోజుల్లో తనంతట తానే వెల్లడించాలి: నిర్మాణం, అధికారాలు, ఉద్యోగుల జాబితా, జీతాలు వగైరా. మంచి చట్టమే. కానీ చాలాచోట్ల ఆ 17 శీర్షికలే సైటుకు ప్లానైపోయాయి. పౌరుడు కార్యాలయాన్ని నిలదీయడానికి పనికొచ్చే పట్టిక వేరు, పని చేయించుకోవడానికి కావలసిన దారి వేరు.

కేంద్రం 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో మూడో కూర్పు వచ్చింది. జిల్లా సైట్లను కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ఒకే మూసలోకి మార్చడంతో భద్రత, ఫోన్ తెరకు ఒదగడం లాంటివి చాలావరకు కుదిరాయి. మూస బాగానే ఉంది. అందులో ఏం పోయాలో మాత్రం కార్యాలయమే తేల్చుకోవాలి.

తెలుగు అక్షరాల గొడవ విడిగా చెప్పుకోవాలి. ఏ కంప్యూటరైనా చదవగలిగేలా అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి, మన గోదారి పాయ పేరే. అయినా కార్యాలయాల్లో డీటీపీ అంతా ఏళ్ల తరబడి యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే సాగింది. ఆ ఫైళ్లలో ఉండేవి అక్షరాలు కావు, ఆకారాల ముక్కలు. తలకట్టు ఒకటి, వత్తు ఒకటి. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలే. అందులో 'గోదావరి' అని వెతికితే దొరకదు. కన్వర్టర్‌తో మారిస్తే చాలావరకు వస్తుంది కానీ వత్తులు తారుమారవుతాయి, కాబట్టి మనిషి చదివి దిద్దాల్సిందే. అంకెలున్న పట్టికలను రెండుసార్లు చూడాలి. స్కాన్ చేసిన కాగితమైతే మళ్లీ టైపు చేయడమే మేలు.

పేర్లదీ ఇదే తంతు. దవళేశ్వరం, ధవళేశ్వరం, దౌలేశ్వరం; ఇంగ్లిషు అక్షరాల్లో ఇంకో నాలుగు రకాలు. వెతుకుడు పెట్టెకు ఇవన్నీ ఒకే ఊరని ముందే నేర్పాలి. మాటలూ అంతే. తుపానుకు చేను పడిపోయిన రైతు 'నష్టపరిహారం' అని కొడతాడు, కార్యాలయం 'ఇన్‌పుట్ సబ్సిడీ' అని రాస్తుంది. కోనసీమలో కౌలుదారుకు అది 'కౌలు కార్డు', ఉత్తర్వులో 'పంట సాగుదారు హక్కు పత్రం'. శీర్షికలో జనం మాట, కింద మొదటి వాక్యంలో ఉత్తర్వు మాట పెడితే ఇద్దరికీ దొరుకుతుంది.

మార్పు ఎక్కడ మొదలెట్టాలి? రంగుల దగ్గర మాత్రం కాదు. ఒక నెలపాటు సైట్లో జనం వెతికిన మాటలు, ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును (ఆన్‌లైన్ పనులు చూసే ఉద్యోగిని) అడిగినవి ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. తర్వాత ఉన్న పేజీలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాలి: వెబ్ చిరునామా, ఎవరి బాధ్యత, చివరిసారి దిద్దిన తేదీ, నెలకు ఎందరు చూశారు. బాధ్యుడు లేని పేజీలు కుప్పలుగా తేలతాయి. వాటిని కొత్త సైటుకు మోసుకుపోవడమే అందరూ చేసే తప్పు. ఆర్కైవ్‌లో పెడితే చాలు. రెండో తప్పు హోమ్‌పేజీ పంపకం. ప్రతి సెక్షనూ తనకో డబ్బా కావాలంటుంది, పైన ఫొటోలు, కింద పరుగెత్తే అక్షరాలు. నెల రోజుల ప్రశ్నల చిట్టా చేతిలో ఉంటేనే ఆ వాదన తెగుతుంది.

బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబర్‌లో తెచ్చిన గవ్.యూకే సైట్లో సెలవుల పేజీ తెరిస్తే రాబోయే సెలవు తేదీ పెద్ద అక్షరాల్లో ముందే కనిపిస్తుంది. మిగతా పట్టిక దాని కింద. వరద పేజీకీ ఇదే కొలత. పైన మట్టం, కొలిచిన సమయం, గంట క్రితంతో తేడా. దాని కింద క్యూసెక్కులు, అమల్లో ఉన్న హెచ్చరిక, ఎగువన భద్రాచలం మట్టం. బొమ్మగా కాదు, అక్షరాలుగా. పేజీ మొత్తం 50 కేబీ దాటకుండా.

2022 జులైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్లింది. అలాంటి రాత్రి వేలమంది ఒకేసారి తెరుస్తారు. ప్రతి ఒక్కరికీ డేటాబేస్‌ను కదిలిస్తే సర్వర్ కూలుతుంది. అందుకని లెక్క మారినప్పుడు మాత్రమే పేజీని తయారుచేసి, అదే నకలును అందరికీ ఇవ్వాలి.

అంకె ఎక్కించే ఫారమూ ముఖ్యమే. వానలో ఫోన్ పట్టుకున్న ఉద్యోగికి మూడు గడులు మించి ఉండకూడదు. 13.75 బదులు 1375 కొడితే తీసుకోకూడదు. గంటలో అడుగుకు మించి తేడా ఉంటే మళ్లీ అడగాలి. రెండు గంటలుగా కొత్త లెక్క రాకపోతే పేజీయే 'ఇది పాత లెక్క' అని ఎర్రగా చెప్పాలి. పాత అంకెను తాజాదనుకుని పశువులను లంకలోనే ఉంచితే ఆ నష్టం మామూలుగా ఉండదు.

వెబ్ చిరునామాల లెక్క ఇంకా తేలాల్సి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. తూర్పు గోదావరి కేంద్రం కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి, పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. అమలాపురం కొత్త జిల్లా కేంద్రమైంది. పేరు పాతదే, హద్దులు కొత్తవి. రాజోలు మనిషి అలవాటు కొద్దీ తూర్పు గోదావరి సైటే తెరుస్తాడు. పేజీ కొట్టేసి 'దొరకలేదు' అనిపించకుండా, 'ఈ మండలం ఇప్పుడు కోనసీమలో ఉంది' అని ఒక లింకుతో చేర్చాలి. ఒక్కో పాత చిరునామాకు ఎదురుగా కొత్తది రాసిన షీట్ సర్వర్‌కు అందితే చాలు. మండలాల వారీగా కూర్చుంటే వారంలో తెమిలే పని.